హైబ్రిడ్ కారులో పెట్రోలు మిగిల్చే డ్రైవింగ్: ఈవీ దీపాన్ని కాదు, బ్రేకును గమనించండి

పెట్రోలు ఇంజిన్‌తోపాటు కరెంటు మోటారు, బ్యాటరీ కూడా ఉండే హైబ్రిడ్ కారు కొన్న మొదటి నెలలోనే చాలామందికి ఒక సందేహం వస్తుంది. కంపెనీ లీటరుకు 27.97 కిలోమీటర్లు అని చెప్పింది, మరి నా కారు పంతొమ్మిది దగ్గరే ఎందుకు ఆగిపోతోంది? టయోటా హైరైడర్‌కు, దాని జంట కారైన మారుతి గ్రాండ్ విటారాకు ప్రకటించిన అంకె అది. 2022లో హోండా సిటీ హైబ్రిడ్ వచ్చినప్పుడు 26.5 అన్నారు, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌కు 23.24 అన్నారు. ఇవన్నీ నిర్ణీత వేగాల క్రమంలో, పరీక్షశాలలో రోలర్ల మీద కారును నడిపి కొలిచిన అంకెలు. అమీర్‌పేట సాయంత్రం ట్రాఫిక్‌లో అవే వస్తాయని ఆశించనక్కరలేదు. కానీ ఒకే కారును, ఒకే దారిలో, ఇద్దరు మనుషులు నడిపితే మైలేజీలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో, దాన్ని మీ వైపు తిప్పుకోవాలంటే ఏం చేయాలో ఇక్కడ వరుసగా చెప్తాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ పద్ధతులు స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లకు, అంటే మోటారు ఒక్కటే చక్రాలను తిప్పగలిగిన కార్లకు వర్తిస్తాయి. స్మార్ట్ హైబ్రిడ్, మైల్డ్ హైబ్రిడ్ అనే పేర్లతో అమ్మే కార్లలో చిన్న మోటారు ఇంజినుకు చేయూతనిస్తుందే తప్ప కారును సొంతంగా లాగలేదు కనుక, వాటికి ఇందులో సగమే పనికొస్తుంది.

ముందు లెక్క: ఆ కరెంటు ఎక్కడిది?

హైరైడర్ బ్యాటరీ సామర్థ్యం 0.76 యూనిట్లు. కరెంటు బిల్లులో చూసే యూనిటే ఇది. ఇంట్లో 2 కిలోవాట్ల గీజరు 23 నిమిషాలలో తాగేసే కరెంటు అంతే. పైగా బ్యాటరీ ఎక్కువ కాలం మన్నడం కోసం కారు దానిని పూర్తిగా ఖాళీ కానివ్వదు, పూర్తిగా నిండనివ్వదు కాబట్టి నిజంగా వాడుకకు దొరికేది అందులో కొంత భాగమే. ఈ కారుకు ఛార్జింగ్ ప్లగ్గు లేదు. అంటే ఆ బ్యాటరీలో చేరే ప్రతి యూనిట్‌కూ మూలం మీరు బంకులో పోయించిన పెట్రోలే. ఇంజిన్ తిరిగి నేరుగా నింపినా, బ్రేకు వేసినప్పుడు తిరిగి పట్టుకున్నా, ఆ వేగాన్ని మొదట ఇచ్చింది పెట్రోలే.

ఈ సంగతి ఒంటబట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. ప్రయాణం ముగిశాక స్క్రీన్ మీద ఈవీ శాతం, అంటే ఇంజిన్ ఆగి మోటారు మీదే నడిచిన వంతు, చూపిస్తుంది కదా, దాన్ని పెంచడమే మైలేజీ పెంచడమని నమ్మి, ఆకుపచ్చ ఈవీ దీపం ఆరిపోకూడదని యాక్సిలరేటర్ మీద గుడ్డు పెట్టినట్టు కాలు ఆనించి, వెనక ఆటోలు హారన్లు మోగిస్తున్నా ముప్పైలో పోయేవాణ్ణి. ఈవీ శాతం పెరిగింది కానీ బంకు లెక్క కదలలేదు. కారణం సులభం. మోటారుతో ఎంతసేపు లాక్కొస్తే బ్యాటరీ అంత కిందికి దిగుతుంది, ఆ తర్వాత ఇంజిన్ లేచి కారును లాగడంతోపాటు బ్యాటరీని కూడా నింపాల్సి వస్తుంది. అలా నింపి, తిరిగి తీసుకునే రెండు దశల్లోనూ కొంత శక్తి వేడిగా పోతుంది. అందుకే మీ లక్ష్యం దీపాన్ని వెలిగించి ఉంచడం కాదు, సంపాదించిన వేగాన్ని వృథా చేయకపోవడం. కింద చెప్పే పద్ధతులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

మొదటి దశ: కదిలిన తొలి నిమిషాలు

ఉదయం కారు తీసిన వెంటనే, బ్యాటరీ నిండుగా ఉన్నా సరే, చాలాసార్లు ఇంజిన్ దానంతటదే మొదలవుతుంది. పొగను శుద్ధి చేసే కెటాలిటిక్ కన్వర్టర్ వేడెక్కితే తప్ప సరిగా పనిచేయదు కాబట్టి కారు ఆ పని ముందుగా చేసుకుంటుంది. దీన్ని మీరు ఆపలేరు, ఆపనవసరమూ లేదు. గేటు ముందు నిలబెట్టి ఇంజిన్ వేడెక్కే దాకా ఎదురుచూడకండి, బయలుదేరి మొదటి కిలోమీటరు నెమ్మదిగా నడపండి. పాలకోసం ఒకసారి, మందులకోసం ఇంకోసారి, పిల్లవాడి ట్యూషన్‌కు మరోసారి తీస్తే, ప్రతిసారీ చల్లారిన ఇంజిన్‌ను వేడిచేసే ఖర్చు మీరు మళ్ళీ మళ్ళీ కడుతున్నారన్నమాట. వీలైతే ఆ మూడు పనులనూ ఒకే తిరుగుడులో ముగించండి.

రెండో దశ: వేగం అందుకోవడంలో పిసినారితనం వద్దు

పాత కార్లలో యాక్సిలరేటర్ ఎంత మెల్లగా తొక్కితే అంత మంచిదని మనకు నేర్పారు. హైబ్రిడ్‌లో ఆ పాఠాన్ని కొంచెం సవరించుకోవాలి. ఈ కార్లలోని ఇంజిన్లు అట్కిన్సన్ పద్ధతిలో పనిచేసేలా తయారైనవి, మధ్యస్థమైన భారం మీద ఉన్నప్పుడు ఇంధనంలోని శక్తిలో సుమారు 40 శాతం వరకు పనిగా మార్చగలవు. అతి తక్కువ భారం మీద అదే ఇంజిన్ ఆ శాతానికి చాలా దూరంలో ఉండిపోతుంది. కాబట్టి ఇంజిన్ ఎలాగూ లేవక తప్పదనుకున్నప్పుడు దానికి సరిపడా పని ఇచ్చి, తొందరగా ముగించి, ఆపేయడం లాభం.

ఆచరణలో ఇలా చేయండి. సిగ్నల్ పచ్చబడగానే మొదటి కొన్ని మీటర్లు మోటారును లాగనివ్వండి, నిలిచిన బరువును కదిలించడంలో మోటారుకు సాటి లేదు. ఆ తర్వాత ఛార్జ్, ఎకో, పవర్ అని భాగాలుగా ఉండే మీటరులోని ముల్లు ఎకో భాగం పైఅంచు దాకా వెళ్ళేంతగా యాక్సిలరేటర్ తొక్కి, యాభైకో అరవైకో చక్కగా చేరుకోండి. ముల్లు పవర్ భాగంలోకి దూరితే ఎక్కువైనట్టు, ఎకో భాగం కింది సగంలోనే అరనిమిషం పాటు ఈడుస్తూ ఉంటే తక్కువైనట్టు. డ్రైవ్ మోడ్‌ల విషయానికొస్తే, ఎకో మోడ్ యాక్సిలరేటర్ స్పందనను మొద్దుబారుస్తుంది, చాలా కార్లలో ఏసీని కూడా కొంత అదుపులో పెడుతుంది. కాలు దురుసుగా ఉన్నవారికి అది మంచి కళ్ళెం, కాలు అదుపులో ఉన్నవారికి నార్మల్ మోడ్‌తో పెద్ద తేడా రాదు. ఈవీ మోడ్ బటన్‌ను మాత్రం అర్ధరాత్రి సందులో చప్పుడు లేకుండా పార్కింగ్‌లోకి దూరడానికి ఉంచుకోండి.

మూడో దశ: తేలనివ్వడం

కావలసిన వేగం వచ్చాక కాలు పూర్తిగా ఎత్తేయండి. ఇంజిన్ ఆగుతుంది. ఇప్పుడు కాలును మళ్ళీ ఒక్క రవ్వంత ఆనించండి. మీటరులో ఛార్జ్ భాగానికీ ఎకో భాగానికీ మధ్య గీత ఉంటుంది, ముల్లు సరిగ్గా ఆ గీత మీద నిలబడాలి. అక్కడ బ్యాటరీలోకి కరెంటు పోదు, బ్యాటరీ నుంచి రాదు. కారు నీటి మీద పడవలా తేలుతూ పోతుంది. కాలు పూర్తిగా ఎత్తి ఉంచితే మోటారు కొద్దిగా బ్రేకు వేస్తూ బ్యాటరీని నింపుతుంటుంది, ముందు ఆగే పని ఉన్నప్పుడు అది మంచిదే. ముందు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం ఉన్న వేగాన్ని వేగంగానే వాడుకోవడం, దాన్ని కరెంటుగా మార్చి మళ్ళీ వేగంగా మార్చడం కంటే ఎప్పుడూ చవక.

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఈ కిటుకు నేర్చుకోవడానికి మంచి బడి, ఎందుకంటే దాని మీద ఒక్క సిగ్నల్ కూడా లేదు. ట్రాఫిక్ పలచగా ఉన్న వేళ కుడి వరుసను తొందరలో ఉన్నవారికి వదిలి, అరవై ఐదు దాకా వేగం అందుకోండి, ముల్లును గీత మీద పెట్టి యాభై ఐదుకు పడే దాకా తేలనివ్వండి, మళ్ళీ అందుకోండి. పది కిలోమీటర్లలో మీ కాలికి ఆ గీత ఎక్కడుందో తెలిసిపోతుంది, ఆ తర్వాత మీటరు వైపు చూడవలసిన అవసరం ఉండదు. వెనక వాహనం దగ్గరగా ఉంటే ఈ విన్యాసం మానేసి ఒకే వేగంలో వెళ్ళండి. నాలుగు చుక్కల పెట్రోలు కోసం వెనకవాడిని అయోమయంలో పడేయకూడదు. హోండా సిటీలో ఎక్కువ సమయం ఇంజిన్ జనరేటరును తిప్పుతుంటే మోటారే చక్రాలను తిప్పుతుంది, హైవే వేగంలో మాత్రమే ఇంజిన్ నేరుగా చక్రాలకు కలుస్తుంది కాబట్టి, అందులో ఈ ఎక్కుదిగుడుల కంటే స్థిరమైన వేగం ఎక్కువ నప్పుతుంది.

నాలుగో దశ: బ్రేకు

అసలు డబ్బు పోయేది ఇక్కడే. కారు, అందులో ఇద్దరు మనుషులు కలిసి సుమారు 1,400 కిలోల బరువనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఆ బరువులో దాగిన శక్తిని సంపాదించడానికి, ఇంజిన్ బాగా పనిచేసినా 15 మిల్లీలీటర్లకు పైగా పెట్రోలు ఖర్చవుతుంది. దగ్గు మందు సీసా మూతతో ఒకటిన్నర మూత అనుకోండి. ఇరవైసార్లు అలా వేగం పుంజుకుని, ఇరవైసార్లు బ్రేకు తొక్కి ఆపితే 300 మిల్లీలీటర్లు. వేగం రెట్టింపైతే ఈ శక్తి నాలుగింతలవుతుంది కనుక, 80 నుంచి ఆపడం 40 నుంచి ఆపడం కంటే నాలుగు రెట్లు ఖరీదైన పని.

మామూలు కారులో ఇదంతా బ్రేకు ప్యాడ్ల దగ్గర వేడిగా పోతుంది. హైబ్రిడ్‌లో మోటారు జనరేటరుగా మారి కొంత వెనక్కు తెస్తుంది, కానీ ఎంత తెస్తుందనేది మీ కాలు నిర్ణయిస్తుంది. బ్రేకు పెడల్‌ను మెల్లగా నొక్కినప్పుడు పని దాదాపుగా మోటారే చేస్తుంది. మోటారుకూ బ్యాటరీకీ ఒక్కసారిగా మింగగలిగిన మోతాదు ఇంతేనని ఒక హద్దు ఉంది. మీటరులో ఛార్జ్ భాగం చివరికి ముల్లు చేరిందంటే ఆ హద్దు వచ్చేసినట్టు, ఇంకా గట్టిగా తొక్కితే ఆపైన పడే భారమంతా మామూలు ప్యాడ్లకే వెళ్తుంది. కారు నడక వేగానికి వచ్చాక చివరి కొన్ని మీటర్లలో కూడా ప్యాడ్లే పనిచేస్తాయి.

కాబట్టి బ్రేకును ఆలస్యంగా గట్టిగా కాక, ముందుగా మెత్తగా నొక్కండి. పంజాగుట్ట వైపు వెళ్తూ మూడు వందల మీటర్ల దూరంలో సిగ్నల్ ఎర్రగా కనబడిందనుకోండి. అప్పుడే కాలు ఎత్తేయండి. వంద మీటర్లు అలా వచ్చాక, మీ ముందున్న బండ్ల వరుస ఎంత పొడవుందో చూసి, ముల్లు ఛార్జ్ భాగం మధ్యలో నిలిచేలా బ్రేకు మీద వేలితో నొక్కినంత బరువు వేయండి. అదృష్టం బాగుంటే మీరు చేరేలోపు పచ్చ దీపం వెలుగుతుంది, పాతికలో ఉన్న కారు అసలు ఆగకుండానే మళ్ళీ అందుకుంటుంది. అన్నిటికంటే చవకైన బ్రేకు అసలు వేయని బ్రేకే. ఇందుకు ముందు వాహనంతో దూరం పాటించడమొక్కటే దారి. ఆ ఖాళీలోకి బైకులు దూరుతాయి, దూరనివ్వండి. మన నగరాలలో వాటిని ఆపగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు మూడూ ఈ సాధనకు పనికొస్తాయి. తొంభైలో వస్తూ బూత్ దాకా తోలి చివరిలో బ్రేకు తొక్కేవారు ప్రతి గేటు దగ్గరా ఉంటారు. మీరు అర కిలోమీటరు ముందే కాలు ఎత్తితే, ఆ దూరమంతా పెట్రోలు లేకుండా పోవడమే కాక, బూత్ దాటాక తిరిగి కదలడానికి కావలసిన కరెంటులో మంచి వంతు బ్యాటరీలో జమ అవుతుంది. స్పీడ్ బ్రేకర్లకు కూడా ఇదే సూత్రం.

ఐదో దశ: ఆగి ఉన్నప్పుడు గేరు, ఏసీ

సిగ్నల్ దగ్గర గేరును న్యూట్రల్‌లో పెట్టే అలవాటు మనలో చాలామందికి మాన్యువల్ కార్ల నుంచి వచ్చింది. హైబ్రిడ్‌లో దాన్ని వదిలేయండి. న్యూట్రల్‌లో ఉండగా బ్యాటరీ ఛార్జ్ కాదు, ఏసీ మాత్రం దాన్ని తాగుతూనే ఉంటుంది. గేరును డీ (డ్రైవ్) లోనే ఉంచి బ్రేకు మీద కాలు ఉంచండి, లేదా బ్రేక్ హోల్డ్ బటన్ వాడండి. ఎక్కువసేపు ఆగవలసి వస్తే పార్క్‌లో పెట్టండి.

ఏసీ సంగతి మన ఎండల్లో చిన్న విషయం కాదు. హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసర్ బ్యాటరీ కరెంటుతో తిరుగుతుంది, అందుకే ఇంజిన్ ఆగినా చల్లదనం ఆగదు. అయితే ఆ కరెంటు కూడా పెట్రోలుదే. ఏసీ గంటకు ఒక యూనిట్ తీసుకుంటే దాని వెనుక లీటరులో సుమారు మూడో వంతు పెట్రోలు ఉంటుంది. హైవేలో ఆ ఖర్చు ఎనభై కిలోమీటర్ల మీద పరుచుకుంటుంది కాబట్టి కనబడదు, జామ్‌లో పదిహేను కిలోమీటర్ల మీద పడుతుంది కాబట్టి మైలేజీని నమిలేస్తుంది. మే నెల విజయవాడలో ఏసీ వేయకండని చెప్పేంత క్రూరుణ్ణి కాను. ఎండలో నిలిపిన కారు తలుపులు తెరిచి, ఒక నిమిషం లోపలి వేడిగాలిని బయటికి పోనివ్వండి, అద్దాలు దించి కొద్ది దూరం నడిపి, ఆ తర్వాత అద్దాలు మూసి, లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి, ఏసీని ఆటోలో 25 డిగ్రీల దగ్గర పెట్టండి. 18 పెట్టినంత మాత్రాన తొందరగా చల్లబడదు, ఎక్కువసేపు తాగుతుందంతే. నీడలో పార్క్ చేయడం, అద్దానికి వెండి రంగు అట్ట అడ్డం పెట్టడం ఇంతకంటే ఎక్కువ మేలు చేస్తాయి.

హైవే మీద

ఇక్కడ హైబ్రిడ్ కారుకు ఉన్న ఆధిక్యం తగ్గుతుందని ఒప్పుకోవాలి. ఆపుళ్ళు లేని చోట తిరిగి పట్టుకోవడానికి ఏముంటుంది? మైలేజీని నిర్ణయించేది గాలి. గాలి ఎదురుదెబ్బ వేగపు వర్గంతో పెరుగుతుంది. 80లో ఉన్నదాన్ని ఒకటి అనుకుంటే 100లో 1.56, 120లో 2.25 అవుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కుడి వరుసల్లో 120 దాకా వెళ్ళనిస్తారు, వెళ్ళవచ్చు, కానీ ఆ రోజు మైలేజీ చూసి కారును తిట్టకండి. విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లలో 100కు బదులు 85లో నిలకడగా వెళ్తే అరగంట ఆలస్యమవుతుంది, ఆ అరగంట విలువెంతో మీరే తేల్చుకోవాలి. చదునైన రోడ్డులో క్రూజ్ కంట్రోల్ వాడండి, ఎత్తుపల్లాలున్న చోట మాత్రం కాలే మేలు, ఎందుకంటే క్రూజ్ కంట్రోల్ ఎక్కుడులో వేగం పడిపోకూడదని మొండిగా లాగుతుంది, మీరైతే ఐదారు కిలోమీటర్లు తగ్గనిచ్చి దిగుడులో రాబట్టుకుంటారు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పైకెక్కించిన క్యారియర్ ఉగాది దాకా అలాగే ఉంటే, ఆ రెండు నెలలూ దానికి కూడా పెట్రోలు పోస్తున్నట్టే.

ఘాట్ రోడ్డు

తిరుమల నుంచి దిగుతున్నారనుకోండి. కొండ మీది నుంచి తిరుపతికి దిగుడు సుమారు 700 మీటర్లు. ఇందాకటి 1,400 కిలోల బరువు అంత ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తి 2.6 యూనిట్లకు పైనే, బ్యాటరీ మొత్తమే 0.76. మొదటి కొన్ని మలుపుల్లోనే బ్యాటరీ నిండిపోతుంది. ఆ తర్వాత మోటారు బ్రేకు వేయడం తగ్గించేస్తుంది, భారం ప్యాడ్ల మీద పడుతుంది, దీర్ఘంగా నొక్కి ఉంచితే అవి కాలిన వాసన వస్తాయి. కాబట్టి దిగుడు మొదలైనప్పుడే గేరును బీలో, అంటే ఇంజిన్‌తో బ్రేకు వేయించే స్థానంలో పెట్టండి. అప్పుడు ఇంజిన్ పెట్రోలు లేకుండానే తిరుగుతూ కారును వెనక్కు పట్టి ఉంచుతుంది. ఇంజిన్ గట్టిగా అరుస్తోందని కంగారుపడకండి, ఆ చప్పుడులో పెట్రోలు లేదు. హోండా సిటీలో స్టీరింగ్ వెనుక ప్యాడిళ్ళతో ఈ పట్టును పెంచి తగ్గించుకోవచ్చు. చదునైన రోడ్డుకు రాగానే మళ్ళీ డీకి మార్చడం మరువకండి, బీలో మైలేజీ తగ్గుతుంది. దిగుడులో న్యూట్రల్ వేయడం, కారు ఆఫ్ చేయడం ఎంత మాత్రం చేయకూడని పనులు.

నెలకు ఒకసారి చూసుకోవలసినవి

డ్రైవరు వైపు తలుపు తెరిస్తే స్తంభం మీద టైర్ల గాలి ఒత్తిడి తెలిపే స్టిక్కర్ ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, అంటే ఇంటి నుంచి ఒకటి రెండు కిలోమీటర్లలోపు బంకులో, ఆ అంకె ప్రకారం నింపించండి. బ్యాటరీని చల్లబరిచే గాలి రంధ్రం చాలా కార్లలో వెనక సీటు దగ్గరే ఉంటుంది, మీ కారులో ఎక్కడో యజమాని పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. దానికి దుప్పటి, సంచి, పిల్లల బొమ్మ అడ్డం పడకుండా చూడండి. దుమ్ము పట్టిన జాలీని సర్వీసింగ్ అప్పుడు శుభ్రం చేయమని నోరు తెరిచి అడగండి.

లెక్క కట్టడం

స్క్రీన్ మీది మైలేజీ కారు కట్టుకున్న అంచనా, నిజం బంకులో తేలుతుంది. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, గన్ను దానంతటది ఆగేదాకా పోయించి, ఆపైన అటూ ఇటూ ఊపి నింపవద్దని చెప్పి, ట్రిప్ మీటరును సున్నా చేయండి. మళ్ళీ పోయించేటప్పుడు కూడా అంతే చేసి, నడిచిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఒక ట్యాంకు లెక్కలో పొరపాట్లుంటాయి, మూడు ట్యాంకుల సగటు నమ్మవచ్చు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత రోజుల అంకెలతో నేటివి పోల్చకండి, లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికి సుమారు మూడింట రెండు వంతులే. నేను ఒక చిన్న పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకుని, తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, పక్కనే ఆ ట్యాంకులో ఎక్కువ తిరిగిన దారి రాస్తాను. దారి పేరు రాయకపోతే, వచ్చిన అంకె మీ కాలి వల్ల వచ్చిందో, ఆ వారం సెలవులై రోడ్లు ఖాళీగా ఉండటం వల్ల వచ్చిందో తర్వాత చెప్పలేరు.